రెండో గొంతు

పోయిన వారం ఊర్మిళను మనం కార్ఖానా అనే పేటలో ఆమె ఇంటి గేటు దగ్గర వదిలిపెట్టాం. కూరగాయల బండి వచ్చిందేమోనని బయటికి వచ్చిన మనిషి, గేటు గడియ మీద చెయ్యి వేసి అలాగే నిలబడిపోయింది. ఎదురుగా నీలం అంచు నేత చీరలో, చంకన గొడుగుతో, తన ఈడు మనిషే ఒకావిడ. ఆమె చెప్పింది ఒక్కటే మాట.

"నేను జీవరాజు గారి భార్యనండి. ప్రేమమణి అంటారు."

ఊర్మిళ పెళ్లయి ఆ ఇంట్లో అడుగుపెట్టి, పిల్లల్ని కని, పెంచి, వాళ్ల పెళ్లిళ్లు చేసి, ముగ్గురు మనవరాళ్లకు నాయనమ్మ అయ్యేదాకా జీవరాజు అన్న పేరు ఆ ఇంట్లో ఎవరి నోటా రాలేదు. ఇవాళ పట్టపగలు, పక్కింటివాళ్లు బట్టలు ఆరేస్తుండగా, దాన్ని ఎవరో గేటు మీదుగా అందించినట్టయింది.

"లోపటికి రండి" అంది ఊర్మిళ. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది.

హాల్లో కోడలు నవత చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకుని ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఉంది. ఆఫీసు మీటింగు నడుస్తోంది. తల ఎత్తి, ఎవరు అన్నట్టు కళ్లతో అడిగింది.

"మా కాలేజీ దోస్తు" అంది ఊర్మిళ.

అబద్ధం అంత సులువుగా వచ్చినందుకు ఆశ్చర్యపోతూనే ప్రేమమణిని వెనక వసారాలోకి తీసుకుపోయింది. అక్కడ వాషింగ్ మెషీన్, ఉల్లిగడ్డల బుట్ట, రెండు ప్లాస్టిక్ కుర్చీలు. ఎండ నేల మీద సగం దాకా వచ్చి ఆగింది.

ప్రేమమణి కూర్చుని, గొడుగు కాళ్ల దగ్గర పెట్టుకుంది. మిషన్ బడిలో ముప్పై ఏళ్లు పిల్లలకు చదువు చెప్పిన మనిషి. చెప్పదలచుకున్నది దారిలోనే వరస పెట్టుకుని వచ్చినట్టుంది.

"మీ టైం ఎక్కువ తీసుకోనండి" అంది. "ఆయనకు వానాకాలంలో పక్షవాతం వచ్చింది. కుడి పక్క. కాలు కొంత స్వాధీనంలోకి వచ్చింది. కర్ర పట్టుకుని నడుస్తున్నారు. మాటే రాలేదు."

"అస్సలే మాట్లాడ్తలేరా?"

"మనం చెప్పేది అంతా తెలుస్తుందండి. పేపరు చూస్తారు. నోరు తెరిస్తే మాత్రం మాట బయటికి రాదు. అన్నం అనబోయి 'అ' దగ్గరే ఆగిపోయి, గోడవైపు తిరిగిపోతారు. మొన్నమొన్నటిదాకా ప్రయత్నమైనా చేసేవారు. ఇప్పుడు అదీ మానేశారు."

ఊర్మిళ చీర కొంగు చివర చుట్టుకుంటూ, విప్పుతూ వింటోంది. జీవరాజు ముసలివాడై ఉంటాడని ఆమెకు ఎప్పుడూ తోచలేదు. ఆమె మనసులో అతను ఇంకా లాలాగూడ రైల్వే ఇన్‌స్టిట్యూట్ హాల్లో, శనివారం సాయంత్రాలు, చెక్క కుర్చీ అంచున కూర్చుని గిటార్ సరిచేసుకుంటున్న కుర్రవాడే.

"డాక్టరుగారు ఒక సంగతి చెప్పారు" అంది ప్రేమమణి. "మాట పోయినా కొందరికి పాట మిగులుతుందట. మెదడులో మాటలుండే చోటు వేరు, పాటలుండే చోటు వేరట. పాట పట్టుకుని మెల్లగా మాటల్లోకి రావచ్చన్నారు. ఆలస్యమయ్యేకొద్దీ కష్టమని కూడా అన్నారు. చర్చివాళ్లు వచ్చి కీర్తనలు పాడారు. ఆయన చిన్నప్పటినుంచీ పాడినవే. పెదవులు కదిలించారు గానీ పలకలేదు. ఒక మధ్యాహ్నం నేను వంటింట్లో ఉండగా ముందుగదిలోంచి పాట వినిపించింది."

ప్రేమమణి ఆగింది. ఏ పాటో ఊర్మిళకు అప్పుడే తెలిసిపోయింది.

"నాలుగు లైన్లు పాడారండి. ఒక్క అక్షరం తప్పు పోలేదు. గరిట పట్టుకుని పరుగెత్తాను. నాలుగు లైన్లు అయ్యాక ఆగి, పక్కకు తిరిగి చూశారు. ఎవరో అందుకుంటారని చూసినట్టు."

"మీరు అందుకోలేదా?"

"అందుకున్నాను. ఆయన తల అడ్డంగా ఊపారు."

హాల్లో నవత ఎవరితోనో ఇంగ్లీషులో నవ్వుతూ మాట్లాడుతోంది.

ఆ పాట గురించి చెప్పాలంటే ఆ రోజుల గురించి చెప్పాలి. డెబ్భైల్లో లాలాగూడ రైల్వే క్వార్టర్లలో ఇంటింటికీ ఒక గ్రామఫోను ఉండేది కాదు గానీ, ఉన్న ఇళ్ల కిటికీలు తెరిచే ఉండేవి. ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు పెట్టుకునే ఇంగ్లీషు పాటలు వీధిలో పోయేవాళ్లందరికీ వినిపించేవి. గిటార్, పియానో, మధ్యలో ఒక మగ గొంతు. అరుపులు ఉండవు, గమకాల విన్యాసాలు ఉండవు. పక్కన కూర్చున్న మనిషికి తన సంగతి చెప్పుకుంటున్నట్టు ఉండేవి ఆ పాటలు. వర్క్‌షాపులో అప్రెంటిస్‌గా చేరిన జీవరాజు ఆ కిటికీల కింద సైకిలు ఆపుకుని విని విని, అలాంటివే తెలుగులో కట్టడం మొదలుపెట్టాడు. తానే రాసేవాడు, తానే బాణీ కట్టేవాడు, తానే పాడేవాడు. గట్టిగా పాడటం చేతకాక కాదు. గట్టిగా పాడితే చెప్పే మాట అబద్ధమైపోతుందేమోనన్నట్టు, కింది స్థాయిలో, వెచ్చగా పాడేవాడు. మొదట్లో హాల్లో జనం నవ్వారు. తర్వాత శనివారం కోసం ఎదురుచూశారు.

స్నేహితురాళ్లతో కలిసి వచ్చి మూడో వరసలో కూర్చున్న ఊర్మిళ, ఒక రోజు తనకు తెలియకుండానే అతని గొంతుకు కాస్త పైన తన గొంతు కలిపింది. అతను వాయిస్తూనే తల తిప్పి చూశాడు. మరుసటి వారం స్టేజీ మీద రెండు కుర్చీలు ఉన్నాయి.

అది ఒక ఏడాది సాగింది. ఆ తర్వాత ఆమె నాన్న జనరల్ బజార్‌లో చీరల దుకాణం ఉన్న ఇంటి సంబంధం ఖాయం చేశాడు. ఊర్మిళ శనివారాలు పోవడం మానేసింది. అతనికి చెప్పి మానలేదు. ఏమని చెప్పాలో తెలియక మానేసింది. హరికిషన్‌తో పెళ్లయింది. అతను చెడ్డవాడు కాడు, మాటల మనిషీ కాడు. దుకాణం, ఇల్లు, ఇల్లు, దుకాణం. ఊర్మిళ మళ్లీ పాడలేదు. పిల్లల్ని జోకొట్టేటప్పుడు కూడా లాలి పదాలను మాటల్లాగా చెప్పి ఊరుకునేది.

"నేను పాట బందు చేసి ఏండ్లయిందండి" అంది ఊర్మిళ చివరికి. "గొంతు సుత పోయింది. గిప్పుడొచ్చి నేనేం పాడత చెప్పండి. మా ఇంట్ల ఎవరికీ తెల్వదు. తెలిస్తె ఏమనుకుంటరు?"

"ఏమైనా అనుకోవచ్చు. నేను కాదనను."

"మీకు తక్లీఫ్ గాదా? నన్ను పిలవనీకి మీకు మనసెట్ల వచ్చింది?"

ప్రేమమణి ఆమె వంక సూటిగా చూసింది. అంతసేపూ పట్టి ఉంచిన బడి టీచరు మర్యాద అప్పుడు కొంచెం సడలింది.

"బాధ ఎందుకు ఉండదండీ. పెళ్లికి ముందే ఆయన చెప్పారు, ఊర్మిళ అనే అమ్మాయి నాతో పాడేది అని. దాచలేదు. మీరు రావడం మానేశాక కూడా చాలా వారాలు రెండు కుర్చీలు వేయించేవారట, అదీ చెప్పారు. పెళ్లయ్యాక ఇంట్లో ఆ పాట పాడినప్పుడల్లా మీ వంతు దగ్గరికి వచ్చేసరికి గొంతు ఆపి గిటార్ మాత్రం వాయించేవారు. నేను కలపబోతే నవ్వేవారు. వద్దనలేదు. వద్దంటే కనీసం పోట్లాడేదాన్ని."

ఆమె కళ్లు తుడుచుకోలేదు. తుడుచుకోవలసినంత తడి రాకముందే ఆపుకుంది.

"నాకు ఆ పాటంటే ఇష్టం లేదు, ఊర్మిళ గారూ. కానీ ఇప్పుడు ఆయన దగ్గర ఉన్నది అదొక్కటే. దేవుణ్ణి అడిగి అడిగి, ఆఖరికి మిమ్మల్ని అడగడానికి వచ్చాను. మీరు రానంటే నేనేమీ అనుకోను. నా వంతు నేను అడిగానని నాకుంటుంది."

ఊర్మిళ లేచి నిలబడింది. వంటింట్లోకి పోయి రెండు గ్లాసుల నీళ్లు తాగింది. గోడ మీద క్యాలెండర్ ఉంది, పాలవాడి లెక్కల టిక్కులు ఉన్నాయి. వాటి వంక చూస్తూ చాలాసేపు నిలబడింది. తర్వాత పడకగదిలోకి వెళ్లి చీర మార్చుకుంది.

"నవతా, మా దోస్తోళ్ల ఆయనకు పానం బాగలేదట బిడ్డా. జెర చూసొస్త" అంది హాల్లోకి వచ్చి.

నవత మైకు మూసి, "ఎక్కడికి అత్తమ్మా?" అంది.

"గీడనే. లాలాగూడ."

ఆటో మారేడ్‌పల్లి మీదుగా, సంగీత్ చౌరస్తా దాటి మెట్టుగూడ వైపు తిరిగింది. పైన మెట్రో పోతుంటే స్తంభాల నీడలు ఒకదాని తర్వాత ఒకటి ఇద్దరి ఒళ్లోనూ పడుతూ పోయాయి. ఒకప్పుడు ఊర్మిళ ఈ దారిలో సిటీ బస్సులో వచ్చేది. అప్పుడు దిగాల్సిన చోటు ఎక్కడ తప్పిపోతుందోనని భయంగా ఉండేది. ఇప్పుడు ఆ చోటు రాకపోతే బాగుండుననిపించింది. అంతలోనే, ఎర్ర సిగ్నల్ పడి ఆటో ఆగినప్పుడు, ఎందుకు ఆపావని డ్రైవర్ మీద విసుగొచ్చింది.

ఇల్లు ఒక సన్నని గల్లీలో ఉంది. కింద వాటా అద్దెకు ఇచ్చారు. మెట్లెక్కితే ముందు చిన్న వరండా, గది. కిటికీ పక్కన పడక కుర్చీలో ఒక సన్నని మనిషి. తల పూర్తిగా నెరిసింది. కుడి చెయ్యి ఒళ్లో ఎవరిదో వస్తువులా పడి ఉంది. ఎడమ చెయ్యి కుర్చీ చేతి మీద ఉంది. ఆ ఎడమ చేతి వేళ్లు మాత్రం కదులుతున్నాయి. ఆ కుర్చీ చేతి మీదే తీగలు ఉన్నట్టు, ఒక్కొక్క వేలూ ఒక్కొక్క చోట నొక్కుతూ, లేస్తూ. ఆ వేళ్లను బట్టే ఊర్మిళ అతన్ని గుర్తుపట్టింది.

"ఎవరొచ్చారో చూడండి" అంది ప్రేమమణి.

జీవరాజు చూశాడు. గుర్తుపట్టాడో లేదో ముఖంలో తెలియలేదు. సగం ముఖం కదలడం మానేసి ఉంది. కళ్లు మాత్రం ఆమె మీదనుంచి తిప్పలేదు.

"బాగున్నరా?" అంది ఊర్మిళ. అన్నాక, అది ఎంత పిచ్చి ప్రశ్నో తెలిసి తల వంచుకుంది.

ప్రేమమణి గోడకున్న గిటార్ దింపి, గుడ్డ తీసి, అతని ఒళ్లో జాగ్రత్తగా ఆనించింది. ఆ తర్వాత చేసినది ఊర్మిళ ఊహించనిది. ఒక పీట లాక్కుని అతని కుడి పక్కన, భుజానికి భుజం ఆనేలా కూర్చుంది. అతని ఎడమ చెయ్యి గిటార్ మెడ మీద తీగలను పట్టింది. ప్రేమమణి కుడి చెయ్యి తీగలను మీటింది. ఒక గిటార్‌ను ఇద్దరు వాయిస్తున్నారు. అతని వేళ్లు ఎప్పుడు మారతాయో ఆమె చూడటం లేదు. కళ్లు మూసుకుని, భుజం కదలికతోనే తెలుసుకుంటోంది. అది ఒక నెలలోనో రెండు నెలల్లోనో వచ్చే విద్య కాదని, ఒక కాపురమంతా పడుతుందని ఊర్మిళకు అర్థమైంది. ఇన్నేళ్లుగా తాను ఎక్కడో ఒక కుర్చీ ఖాళీగా ఉందని అనుకుంటూ వచ్చింది. ఖాళీగా లేదు. అందులో ఒక మనిషి కూర్చుని, వంట చేసి, బట్టలు ఉతికి, మందులు వేసి, తీగలు మీటుతోంది.

జీవరాజు పాడాడు.

*చివరి పెట్టెలో చోటుంది,*
*కిటికీ పక్కన ఖాళీ ఉంది.*
*తొందరేం లేదు, మెల్లగ రా,*
*బండి ఇంకా కదల్లేదు.*

గొంతు బొంగురుపోయింది. అంచులు అరిగిపోయాయి. అయినా లోపలి వెచ్చదనం అలాగే ఉంది. చలి పొద్దున దుప్పటి తీసి ఇంకొకరికి కప్పినప్పుడు అందులో మిగిలే వేడిలాగా. అదే నిదానం, అదే పక్కన కూర్చుని చెబుతున్న తీరు. పాట ఆగింది. అతను తల తిప్పి ఊర్మిళను చూశాడు.

ఊర్మిళ నోరు తెరిచింది. గాలి వచ్చింది గానీ స్వరం రాలేదు. రెండోసారి వచ్చింది, మరీ పైన వచ్చి చీలిపోయింది. "వల్లగాదు" అని ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ప్రేమమణి మీటడం ఆపలేదు. కళ్లు తెరిచి, "కొంచెం కింద అందుకోండి" అంది, బడి పిల్లకు చెప్పినట్టు. "ఆయన కూడా ఇప్పుడు కిందే పాడుతున్నారు. ఎవరికీ పాత గొంతు లేదు ఇక్కడ."

జీవరాజు మళ్లీ మొదటినుంచి పాడాడు. ఈసారి చివరి లైను కాగానే ఊర్మిళ అందుకుంది.

*వస్తున్నా, వస్తున్నా,*
*చెప్పులు తొడిగి వస్తున్నా.*
*పిలుస్తూ ఉండు నా పేరు,*
*దారి తప్పక వస్తున్నా.*

గొంతు వణికింది, కానీ నిలబడింది. ఆమె గొంతు అతని గొంతుకు కాస్త పైన, ఒకప్పుడు ఉన్న చోటనే ఉంది. రెండు గొంతుల మధ్య ఉన్న దూరం అంతే ఉంది, పెరగలేదు, తరగలేదు. జీవరాజు రెండో చరణంలోకి వెళ్లాడు. ప్రేమమణి మీటే చెయ్యి ఒక్క క్షణం తడబడింది. మంచం పట్టినప్పటినుంచి అతను ఆ నాలుగు లైన్లు దాటలేదు మరి. తర్వాత మూడో చరణం. ఊర్మిళకు మాటలు గుర్తుంటాయన్న నమ్మకం లేదు. అయినా అవి ఒక్కొక్కటే నోటికి వచ్చాయి, పిలవగానే ఇళ్లలోంచి బయటికి వచ్చే మనుషుల్లాగా.

పాట అయిపోయింది. వీధిలో ఎవరో స్కూటర్ ఆపిన చప్పుడు ఎప్పుడో వినిపించి ఉండాలి. అప్పుడు ఎవరూ పట్టించుకోలేదు.

జీవరాజు పెదవులు కదిపాడు.

"లే... లేటు" అన్నాడు అతను, ఊర్మిళను చూస్తూ. ఇంకొంచెం కష్టపడి, పాటలోని నిదానంతోనే, "లేటు అయింది" అన్నాడు.

మొదట నవ్వింది ప్రేమమణి. ఆ నవ్వు సగంలో ఏడుపయింది. ఊర్మిళ చేతులు జోడించింది. "అయిందండి. చానా లేటయింది" అంది. అంతకన్నా ఆమె దగ్గర చెప్పడానికి ఏమీ లేదు. అంతకన్నా అతనూ అడగలేదు.

అతను మెల్లగా తల భార్యవైపు తిప్పాడు. చాలాసేపు వెతుక్కున్నాడు. చివరికి దొరికింది. "ప్రేమా" అన్నాడు. "నీళ్లు."

ప్రేమమణి లేచి వంటింట్లోకి పరుగులాంటి నడక నడిచింది. లోపల గ్లాసు కింద పడిన చప్పుడు. ఆ చప్పుడు వెనకాలే ఆమె ఏడుపు. ఆ ఏడుపు తాను వినకూడనిదని ఊర్మిళకు అనిపించింది. జీవరాజు అటువైపే చూస్తున్నాడు. ఊర్మిళ ఆ గదిలో ఉన్న సంగతి ఆ కాసేపు అతనికి గుర్తున్నట్టు లేదు. ఆమె గిటార్ మీద కప్పే గుడ్డ మడతపెట్టి కుర్చీ పక్కన పెట్టి, చప్పుడు చేయకుండా వరండాలోకి వచ్చి, మెట్లు దిగింది.

దిగుతుంటే గుండె తేలికైందని చెప్పలేం. బరువు చోటు మారింది, అంతే. ఇన్నాళ్లూ ఒక కుర్రవాడి కోసం తపించింది. ఆ కుర్రవాడు లేడని ఇవాళ తెలిసింది. పైన ఉన్నది ప్రేమమణి భర్త. మరి లోపల ఇంకా లాగుతున్నదేమిటి? ఆ గొంతు కావాలనా, ఆ గొంతుకు కాస్త పైన తనకు ఉండిన చోటు కావాలనా? తేల్చుకోలేకుండానే చివరి మెట్టు దిగింది.

గేటు పక్కన, గోడ నీడలో, స్కూటర్ మీద ఒక పక్కకు ఆనుకుని హరికిషన్ నిలబడి ఉన్నాడు. హెల్మెట్ చేతిలో ఉంది. దుకాణంలో వేసుకునే తెల్ల చొక్కా వీపు మీద తడిసి ఉంది.

ఊర్మిళ గేటు పట్టుకుంది.

"ఎప్పుడొచ్చిన్రు?"

"పాట షురూ అయినంక."

కోపం ఉంటే ఆమెకు తెలిసేది. ఇన్నేళ్ల కాపురంలో అతని కోపం ఎలా ఉంటుందో ఆమెకు తెలుసు. ఇది అది కాదు. అతను హెల్మెట్ అద్దాన్ని చొక్కా అంచుతో తుడుస్తున్నాడు. తుడిచిన చోటే మళ్లీ తుడుస్తున్నాడు.

"మంచిగ పాడినవ్" అన్నాడు తల ఎత్తకుండా. "ఇంట్ల ఎన్నడు పాడలె."

లాలాగూడ అని నవతతో అన్న మాట నిజమే, నవత ఆయనకు చెప్పి ఉంటుంది. ఈ గల్లీ, ఈ ఇల్లు మాత్రం తనకే ఈ పూట దాకా తెలియదు.

"ఈ ఇల్లు మీకెట్ల తెలుసు?" అంది.

హరికిషన్ తుడవడం ఆపాడు. జవాబు చెప్పడానికి నోరు తెరిచాడు. అంతలో పైన వరండాలో అడుగుల చప్పుడయింది. ఖాళీ గ్లాసు చేత్తో పట్టుకుని ప్రేమమణి పిట్టగోడ మీదుగా కిందికి వంగి చూసింది. ఏడ్చిన ముఖం ఇంకా ఆరలేదు. అతన్ని చూసి ఆమె ఏమాత్రం ఆశ్చర్యపోలేదు.

"హరికిషన్ గారూ, ఈసారైనా పైకి వస్తారా" అంది, "ఎప్పటిలాగే కిందనుంచే విని వెళ్లిపోతారా?"